ఎర్రపొట్టు

కళ్యాణదుర్గం రోడ్డులో, బుడ్డలు వలిచే మిల్లు ఎనకాల
రేకుల షెడ్డు కింద
మేం పదకొండు మందిమి. అన్నీ యాభై దాటిన చేతులే.
పడుచోళ్ళంతా బట్టల కంపెనీ బస్సెక్కి పోయినారు.

ఆ పొద్దు తహసీనా వచ్చింది. కాలేజీలో పెద్ద చదువంట.
సంచిలోంచి ఒక ఇనప పిడి తీసి
"గట్టిగా నొక్కు పెద్దమ్మా" అనింది.

నొక్కినా.
నలభై కిలోల మూటని నడుమ్మీదికి విసిరిన చేయి ఇది,
సంగటి తెడ్డుకి లొంగకుంటే
కుండని కాళ్ళ సందున అదిమిపెట్టి గెలికిన చేయి.
ముల్లు పదహారు కాడికి పోయి నిలబడింది,
ఎండాకాలం బోరు మాదిరి.

"తక్కువే పెద్దమ్మా" అని రాసుకునింది.
నవ్వినా గాని
లోపల ఎక్కడో దూలం కిర్రుమనింది.

ముట్లు నిలిచిన ఏడు
ఎవరికీ చెప్పలే. ఎందుకు చెప్తాం?
బయటుండే మూడునాళ్ళ బాధ తప్పిందిలే అని
గుడ్డపేలికలు పొయ్యిలో వేసినా, అంతే.
పోయింది నెత్తురే అనుకున్నా.
దాని ఎనకాలే కండ కూడా
సందేళ కూలోళ్ళ మాదిరి ఒకరెనక ఒకరు
గట్టు దిగి పోతాదని
నాకెవరు చెప్పినారు?

పిక్కలు పోయినాయి ముందు.
తర్వాత జబ్బలు. రవికె చేయి వదులైతే
కుట్టినోన్ని తిట్టినా, పాపం దర్జీ హుసేను.

తహసీనా వంగి నేల మీది పొట్టు పిడికెడు తీసింది.
పప్పు మీద ఎర్రగా, ఉల్లిపొర కన్నా పల్చన,
మేం చాటతో చెరిగి చెరిగి ఎగరగొట్టేది,
జుట్లో, కనురెప్పల్లో, నములుతున్న ఆకువక్కలో కూడా పడేది.
"దీంట్లో ఉంది, కండ కరక్కుండా ఆపుతుందనుకునే సరుకు.
దానిమ్మలో ఇంకోటి, సోయాలో ఇంకోటి."
పేరు చెప్పింది. రెస్వెరట్రాల్.
నా నోట్లో అది సగం కాడే నిలిచిపోయింది,
రాయి తగిలిన మడక మాదిరి.

"తింటే నా చేయి నాకొస్తాదా?"

తల దించుకునింది. మంచి పిల్ల, అబద్ధం రాదు.
"ఎలుకల్లో పని చేసింది పెద్దమ్మా.
ఆడోళ్ళలో ఇంకా తేలలా.
అంతవరకు పప్పులు తినాల, బరువులు ఎత్తాల."

బరువులంట!
మూటల మీద కూర్చున్నోళ్ళకి చెప్తాండాది.
కుళ్ళాయమ్మ కిందామీదా పడి నవ్వింది.
"మన గోడౌన్లో ఎలుకలకి ఆ మందు ఎప్పుడో అందిందిలే,
పిల్లే పారిపోతాంది వాటిని చూసి!"

పోతాపోతా ఇంకో మాట అనింది.
ఆ సరుకు సుఖంగా ఉన్న చెట్టు ఎక్కువ చెయ్యదంట.
బూజు కమ్మినప్పుడు, పురుగు కొరికినప్పుడు
తనకోసం తాను కాచుకునే కషాయమంట.

ఆ రాత్రి నిద్ర పట్టలే.
ఎన్ని కరువులు. చెట్టు పక్కనే నిలబడి
అదే ఎండ నేనూ తిన్నా.
చెట్టు తనకోసం ఏదో చేసుకునింది.
నేనేం చేసుకున్నా?
ముందు మొగునికి, తర్వాత పిల్లోళ్ళకి, ఆఖరికి ఎనుముకి పెట్టి
కుండ అడుగు గీరుకున్నా.
గీరడానికి బలముండె, అప్పుడు.

తెల్లారి ఉలవలు నానేసినా. నాకే.
బుడ్డపప్పులు పొట్టు తియ్యకుండా వేయించి
కొంగున ముడేసుకున్నా.
షెడ్డులో చాట పక్కన పెట్టి
చేయి నేలకి ఆనించకుండా లేద్దామని చూసినా.

పడినా.

కుళ్ళాయమ్మ చూసింది. నవ్వలా ఈసారి.
ఆకువక్క ఉమ్మేసి, కుచ్చిళ్ళు ఎగజెక్కి
నా పక్కకొచ్చి గొంతుక్కూర్చునింది.
"లెక్కపెట్టు" అనింది.