ముప్పావు రుజువు

అలిపిరి తనిఖీలో
కారు స్టెప్నీ కింద దొరికిందట టెకీలా.
లక్క ముద్రతో, నంబరు చీటీతో
చిత్తూరులో నా బల్ల మీదికి వచ్చింది.

సీసా మీద ముళ్ళ మట్టల చెట్టు బొమ్మ.
చెంగల్రాయులు కళ్ళజోడు పైకెత్తి చూశాడు.
"ఇది మన కిత్తనార మాదిరుంది గదా మేడం!
మా నాయన దీంతో పలుపులు పేనేవోడు,
చేతులు దురదెక్కి రాత్రంతా గీరుకునేవోడు.
ఇందులో సారా ఉందని తెలిసుంటే
మా ఊర్లో ఒక్క ఎద్దుకీ పలుపుండేది కాదు."

తర్వాత లేబుల్ చదివాడు.
"దీనికి ఎనభై ప్రూఫు.
మన షాపు బ్రాందీకి డెబ్బై అయిదే.
ఫారిన్‌ది ఫారినే!"

కాదు చెంగల్రాయులూ,
అమెరికా వాడు ఉన్నదాన్ని రెండుతో గుణిస్తాడు.
వాడి ఎనభై అంటే నలభై పాళ్ళే.
మన డెబ్బై అయిదు లోపల
నలభై రెండు పాయింట్ ఎనిమిది.
చిన్న అంకె తొడుక్కున్నదే ఎక్కువ కాలుతుంది.

"అదెట్ల?"

వెనకటికి తెల్లదొరలు
సారాతో తుపాకిమందు తడిపి అంటించేవాళ్ళట.
భగ్గుమంటే సరుకు నికరం,
తుస్సుమంటే నీళ్ళు కలిసినట్టు.
మంట అంటుకునే ఆ గీత యాభై ఏడు.
దాన్నే వంద అని రాసుకున్నారు, నిండు రుజువని.
అందులో మూడు వంతులు మన సీసాలోది.
దొర పోయాడు, తుపాకిమందు పోయింది,
ముప్పావు రుజువు మాత్రం
పలమనేరు నుంచి పుత్తూరు దాకా
క్వార్టరు సీసాల నడుం మీద మిగిలింది.

చెంగల్రాయులు తల ఊపాడు,
కండక్టరు చిల్లర తర్వాతిస్తానంటే ఊపినట్టు.

మూడోదానికి లేబుల్ లేదు.
నీళ్ళ సీసా, నీలం మూత, లోపల నాటుసారా.
భాకరాపేట అడవంచున పట్టారు.
కోర్టుకు పోయే జీపులోనే నమూనా, మనిషీ వచ్చారు.
రెడ్డెమ్మ, అరవై నాలుగు,
వసారా బెంచీ చివర, పడేటట్టు కూర్చుంది.

తేలుడు గాజు వదిలాను.
ఘాటు ఎంతుంటే అంత లోతుకు మునుగుతుంది.
మనిషిలాగే అని రాయబోను.
మా ఇంట్లో మునిగినవాడు
ఎప్పుడూ అరుపై పైకే తేలేవాడు.
అమ్మ దగ్గర ఏ గాజూ లేదు.
గేటు గడియ పడే చప్పుడు విని
అన్నం వడ్డించాలో
మమ్మల్ని పక్కింటికి తోలాలో తేల్చేది.
ఒక్కరోజూ లెక్క తప్పలేదు.

గది వేడి ముప్పై నాలుగు.
పట్టిక చూసి సవరించాను.
నలభై ఎనిమిది.

బయటికొచ్చి ఊరికే అడిగాను:
"నీ సరుకెంత ఘాటు అవ్వా?"
ఖాళీ చేతిని సీసాలా పట్టుకుని ఊపింది.
"ఇట్లంటే పూసలు లేస్తాయి గదమ్మా.
ఆపొద్దు జొన్నగింజంత లేచినాయి,
లెక్కబెట్టేలోపు పగిలినాయి.
షాపుదానికన్నా ఒక పిసరు ఎక్కువే.
అబద్దమెందుకు?"

నివేదికలో గడులు నింపాను.
పాళ్ళు. ప్రూఫు. విషం: కనబడలేదు.
లేబుల్ మీద రాసినది ఎంత?
అక్కడ అడ్డగీత.

"దాని మీద నా పేరు రాసినారా?"
రాశారవ్వా. కేసు నంబరు పక్కన, లక్క కింద.
"యాడ, చూపీ."

చూపించాను.
చదవను రాని వేలితో
చీటీని ఈ చివర నుంచి ఆ చివరదాకా
ఒకసారి తడిమింది.
కొంగుకు వేలు తుడుచుకుంది.

బయట జీపు హారను కొడుతూనే ఉంది.