మొదటి నంబరు

రెండేళ్లకోసారి వస్తాను ఈ చేపల రేవుకి,
మంత్రిత్వశాఖ పంపగా, ఎప్పుడూ వానలోనే,
చంకలో నలభై ఒక్క పేజీల ఫారంతో.
చిలీ దక్షిణాన భూమికి నిద్రలో ఒత్తిగిలే అలవాటు.
ఆ అలవాటు పెట్టిన తిండే నేను తినేది.

ఆసుపత్రి డైరెక్టరు కాఫీ ఇచ్చాడు.
విపత్తు ప్రణాళిక ఇచ్చాడు, ఇంకా ప్రింటరు వెచ్చదనంతో.
డీజిల్: మూడు రోజులకు సరిపడా.
స్ట్రెచర్లు: ముప్పై.
లెక్కపెడితే ఇరవై ఆరు.
మిగతా నాలుగూ పురిటి వార్డు వసారాలో
పసివాళ్ల చొక్కాలు ఆరబెట్టుకుంటున్నాయి.
పెన్ను కాసేపు ఆగింది అక్కడ.

జనరేటర్ గదికి తాళం.
చెవి ఎవరి దగ్గర?
డైరెక్టరు నర్సు వైపు, నర్సు కాపలాదారు వైపు,
కాపలాదారు వాన వైపు చూశారు.

సరే, పదిహేడో పేజీ. ఆపదలో పిలవాల్సినవాళ్లు.
మొదటి నంబరు: నొల్బెర్తో వెంచుమాన్, మెకానిక్.
ఫోను బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా కలిపాను.
ఆరో రింగుకి ఒక ముసలి గొంతు.

"ఆయన పోయి రెండు చలికాలాలైంది తల్లీ.
ఏం, కరెంటు పోయిందా?
చెవి ఇక్కడే ఉంది, మేకుకి.
ఉప్పుగాలికి తుప్పు పడుతుందని నెలనెలా నూనె రాస్తున్నా.
ఎవరో ఒకరు వస్తారనుకున్నా.
తెచ్చివ్వనా? వంతెన దాటాలి, అంతే."

వంతెన.
నది మీద ఉన్నదే ఒకటి.
మొదటి కుదుపుకే కూలేవాటి జాబితాలో
దాని పేరు చేర్చింది నేను.
క్రితంసారి ఈ పదిహేడో పేజీకి టిక్కు పెట్టిందీ నేనే.
అప్పటికి ఆయన ఉన్నాడో లేడో.
ఫోను చెయ్యలేదు. ఆఖరి బస్సు అందుకోవాలి ఆ రోజు.

నలభై ఎనిమిది నిమిషాలకు వచ్చింది ఆర్మింద,
బూట్ల నిండా బురద, చెవి జేబురుమాలులో చుట్టి.
పైన ఇంక్యుబేటర్ బ్యాటరీ ఆగేది ఇరవై నిమిషాలు.
అది అడక్కపోయినా రాసుకున్నాను.

తలుపు తెరిచాక ఆమే చెప్పింది:
"ఎడమ మీట ముందు. ఇంట్లో కలవరించేవాడు."
మూడుసార్లు దగ్గింది యంత్రం, తర్వాత అందుకుంది.
నల్లటి పొగ, పిట్టగూడు ఒకటి ఎగిరిపడింది.

చెవి తీసుకోబోతే కాపలాదారుకి ఇవ్వలేదు.
"రసీదు కావాలి. ఆయన వస్తువు కదా."
పదిహేడో పేజీ చింపి, వెనకవైపు,
తారీఖు వేసి, టైము వేసి,
రాసిచ్చాను.