టేపు కొస

వన్‌టౌన్ హైస్కూలు. ల్యాబు బల్ల మీద
ఇంజినీరు గారు ప్లాను పరిచారు.
ఎనిమిది 'డి' కూర్చునేది ఆ గదిలోనే,
కాసేపు మెట్ల మీదకి తోలాం.

పైన రెండంతస్తులు, వెనక ఆరు గదులు.
అప్పుడే నీలం గీతల మీద
పోర్టు బొగ్గుపొడి వాలింది.
ఆయన గోడని తట్టాడు. పెచ్చు రాలి
ఉప్పు తిన్న ఇనుము పలకరించింది.

టేపు కొస పట్టుకోమంటే
ఆయా గురమ్మ మనవరాలు కుసుమ పరిగెత్తింది.
ఆ పిల్ల మడమ ఆగినచోట
మైదానం అయిపోయింది.
"ఖోఖోకి ఎన్నడుగులొగ్గీసినారు సార్?"

ఆయన కాగితంలో వెతికాడు.
నేను హాజరుపట్టీ మూసేశాను.
సెక్షనుకి తొంభై ఒక్కరు,
ఏ పేరూ కొట్టెయ్యలేను.

కుసుమ మాత్రం కొస వదల్లేదు.
వెనక్కి వాలి లాగుతోంది,
ఇనప టేపు
కాస్తయినా సాగుతుందేమోనని.