నాలుగు వేళ్లు

టార్టు చుట్టుపక్కల మంచు రోడ్ల మీద
నుజ్జయిన కార్లను లాక్కొచ్చే బండి టానెల్‌ది.
ఏ వెనక సీట్లో ఏం చూశాడో
ఇంట్లో ఎన్నడూ చెప్పడు.

బావమరిది రైనర్ ఊరికే ఇచ్చాడు, బూస్టర్ సీటు.
"చూడు, కొత్తదానిలాగే ఉంది."
టానెల్ దాన్ని బోర్లించాడు.
అడుగున అచ్చొత్తిన సంవత్సరం
గోటికి తగిలిందే గాని కంటికి ఆనలేదు.
"ఎప్పుడైనా గుద్దుకున్న కారులోదా?"
రైనర్ భుజాలెగరేశాడు.
అదే జవాబు.
నల్ల సిరాతో 'పనికిరాదు' అని రాశాడు,
చెత్తలోంచి ఇంకెవరూ ఏరుకోకుండా.

కొత్తది కొన్నాడు,
ఆ నెల చలికాలపు బూట్లు ఆగిపోయాయి.

ఉబ్బుకోటు విప్పమంటే లీస్‌బెత్ ఏడుపు.
బెల్టు పెట్టాక అదే కోటు దుప్పటిలా పైన కప్పాడు.
కింది పట్టీ పొట్ట మీద కాదు,
తొడ మొదలయ్యేచోట, తుంటి ఎముకల మీద.
పై పట్టీ మెడను ఒరుసుకోకుండా
భుజం నడిమధ్య.

"చంక కింద పెట్టుకుంటా నాన్నా, గుచ్చుతోంది."
"వద్దు."
ఒక్క మాటే.
దాని వెనక విల్యాండి రోడ్డు మలుపు,
ఒక రాత్రి, టార్చిలైటు వెలుగులో
ఒంటరి బొచ్చు చేతితొడుగు.

"మరి ఇది లేకుండా ఎప్పుడు కూర్చుంటా? అక్కలాగా?"
"వీపు సీటుకానించి కూర్చుంటే
మోకాళ్లు అంచు దగ్గర వంగినప్పుడు."

ప్రతి ఆదివారం పరీక్షే.
బూస్టర్ తీసి, ఊపిరి బిగబట్టి, ఒళ్లు సాగదీసి కూర్చుంటుంది.
నూనె మరకల చెయ్యి అంచుకూ మోకాలికీ మధ్య పెట్టి కొలుస్తాడు.
"ఇంకా నాలుగు వేళ్లు."

మూతి ముడిచింది లీస్‌బెత్.
బూస్టర్ మళ్లీ పెడుతూ
తనలో తానే ఈల వేసుకున్నాడు టానెల్.