పావు సెకను

డండీలో, యూనివర్సిటీ నేలమాళిగలో
కిటికీ లేని గదిలో నా ఉద్యోగం.
మనుషులు ఎంత వేగంగా మాట్లాడతారో లెక్కపెట్టడం.
చెవులకి హెడ్‌ఫోన్లు, తెర మీద గొంతుల గుట్టలూ పల్లాలూ,
పక్కన చల్లారిపోయిన టీ.

చెప్పాలంటే ఈ పని నాకు కొత్త కాదు.
బొబ్బిలి బళ్ళో పార్వతీశం మాస్టారు
లఘువుకి ఒక చిటిక, గురువుకి రెండు వేయించేవారు.
తప్పితే మూడోది నా చెవి మీద.
రెప్పపాటే మాత్ర అనేవారు.
ఇక్కడ రెప్పని ఎవరూ నమ్మరు,
సెకనులో వెయ్యో వంతుకి లెక్క అడుగుతారు.

బస్సు నడిపే మోరాగ్‌కి సెకనుకి ఆరున్నర అక్షరాలు.
ఆవిడ నోట్లో నువ్వుగింజ నానడానికి టైముండదు.
పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్ అమ్మాయి మామూలుగా అయిదే,
‘కాస్త లైన్లో ఉండండి’ మాత్రం తొమ్మిది.
రోజుకి రెండొందలసార్లు తొక్కిన మాట కదా,
అరిగిన మెట్టులా జారుతుంది.
పొడుగు వాక్యం ఎత్తుకున్నవాళ్ళు తొందరపడతారు
ఊరు చేరేలోగా చీకటి పడిపోతుందన్నట్టు.
ఆఖరి మాట దగ్గర అందరూ సాగదీస్తారు,
గుమ్మంలో చెప్పులు విడుస్తున్నట్టు.
ముసలివాళ్ళు నెమ్మది అని మా నివేదిక.
ఎనభై రెండేళ్ళ ఐలా గౌడీ మాత్రం
ఆడపడుచు సంగతి ఎత్తితే చాలు, ఇరవైరెండేళ్ళ పిల్ల.

మందుల షాపు కుర్రాడు నా మొహం చూడగానే
పసిపిల్లకి ఇడ్లీ తుంచినట్టు మాట తుంచుతాడు:
రో జు కి. రెం డు. మా త్ర లు.
మాత్రల లెక్క నాకా నాయనా చెప్తున్నావు!
గుక్క తిప్పుకోకుండా బదులిస్తాను.
నా అంచనా ఆరుంబావు.
పంతం కూడా నాలుకని పరిగెత్తిస్తుంది,
మా ఫారంలో దానికి గడి లేదు.

పద్ధతి ఇదీ:
పావు సెకను దాటిన నిశ్శబ్దాన్ని కత్తిరించాలి.
నాలుక కదిలిన కాలమే కాలం.
దగ్గు, గుటక, నిట్టూర్పు, కెటిల్ కూత, అన్నీ తీసేసి
మిగిలిన కాలంతో అక్షరాల్ని భాగించాలి.

గురువారం ఆర్బ్రోత్ నుంచి ఒక గొంతు వచ్చింది.
లాకీ స్పింక్, డెబ్బై నాలుగేళ్ళు, చేపలకి పొగబెట్టే మనిషి.
దుంగల గురించి, ఉప్పు గురించి, పీపా మీద కప్పే తడి గోనె గురించి
నాలుగున్నర, ఆడుతూ పాడుతూ.
తర్వాత ‘ఆ పడవలో మా తమ్ముడు’
అని ఆగాడు.
తెర మీద గీత సాపుగా పడుకుంది.
నాలుగు సెకన్లు, పైన ఇంకో మూడొందల పది.
‘ఉండేవాడు’ అన్నాడు.

కత్తిరించాను.
‘తమ్ముడు’, ‘ఉండేవాడు’
అతుకు కనబడకుండా అతుక్కున్నాయి.
నాలుగూ ముప్పావు.
‘సాధారణం’ అని గడిలో రాశాను.

సంస్కృతంలో యతి అంటే ఆగే చోటు,
ఊపిరి తీసుకునే చోటు, అనేవారు మాస్టారు.
మన తెలుగులో ఆగక్కర్లేదర్రా,
అక్షరానికి అక్షరం చుట్టరికం కలిస్తే చాలు.
అప్పట్లో నాకది గొప్పగా ఉండేది,
ఆగే అవసరం లేని భాష నాదని.

అయిదు దాటింది.
ఎలిసన్ కోటు తొడుక్కుంటూ, ‘ఇవాళ ఎన్నయ్యాయి?’ అంది.
పద్నాలుగు, అన్నాను.
‘స్పింక్ ఇంకా తెరిచే ఉన్నాడే.’
నువ్వు నడు, లైటు నేనార్పుతాను.

అన్‌డూ నొక్కాను.
నాలుగు సెకన్లు తిరిగొచ్చి తమ చోట కూర్చున్నాయి.
అలవాటు కొద్దీ చిటికలు వేశాను.
పది, పదకొండు, పన్నెండు.
లఘువులో గురువులో తేలలేదు.
వాల్యూమ్ పెంచాను.
దూరంగా సీగల్ ఒకటి,
దగ్గర్లో కుర్చీ కిర్రుమనడం,
ఎవరో కప్పుని సాసరు మీద చప్పుడు కాకుండా పెట్టబోయి
పెట్టలేకపోవడం.

రేపు మళ్ళీ కత్తిరించాలి.
జీతం దానికే.