ఎర్ర తోక

ఈకను మొదట పెదవికి ఆనించి చూస్తుంది నెరిడా.
కళ్లు చెప్పడం మానేశాక
గట్టిదో మెత్తదో పెదవే చెప్పాలి.
డేగ పుంజు మెడ మీది ఈక.
వంచి వదిలితే చివ్వున నిలబడాలి,
ఆ పోగుల కాళ్ల మీదే కదా
ఈగ నీళ్లపై నిలిచేది.

జూలై. మియాండర్ ఒడ్డున గడ్డి తెల్లగా బిగుసుకుపోయింది.
పాల ట్యాంకర్ ఫ్యాక్టరీలో దించి నేనొచ్చేసరికి
కర్రపొయ్యిలో మొద్దు సగం కాలి ఉంటుంది.
బల్ల అంచుకు బిగించిన వైసులో
చిటికెన వేలి గోరంత గాలం.

మొదట తోక. ఎర్ర ఉన్ని కుచ్చు, బియ్యపు గింజకంటే పొట్టిగా.
తర్వాత ఒళ్లు.
పక్క పొలం వాళ్ల నెమలి రాల్చిన పింఛంలోంచి
రెండు పోగులు లాగి, మెలేసి, చుట్టడం.
పచ్చ అనుకుంటే కంచు,
కంచు అనుకుంటే పచ్చ,
దీపం ఎటు జరిగితే అటు.
మెడకు ఈక అయిదు చుట్లు.
ముడి వేసి, దారం కొరికి,
"చెప్పు, ఇదేం పురుగు?" అంటుంది.
నేను నీళ్లు నములుతాను.
"ఏదీ కాదు" అని నవ్వుతుంది.

క్లైవ్ బతికుండగా ఈ బల్ల మీద ఎరుపు లేదు.
ఆయన లెక్కల మనిషి.
ఏటి ఈగకు తోకపోగులు రెండా మూడా అని
భూతద్దంతో అర్ధరాత్రి దాకా.
పదకొండు నోటు పుస్తకాలు మిగిల్చాడు:
తారీఖు, నీటి చల్లదనం, రెక్క రంగు.
బూడిద అని రాసి, కొట్టేసి
తడిబూడిద అని రాసి
అదీ కొట్టేసి.
"ఎర్ర తోకతో పుట్టిన పురుగును చూపించండి, కడతాను" అనేవాడట.
ఎవరూ చూపించలేదు.
ఆయన పోయిన చలికాలం
ఆయన స్వెట్టర్ మోచేతి దగ్గర విప్పి
మొదటి తోక కట్టిందీమె.
ఒంటికి ఎరుపు, గాలానికి బూడిద.
అలాంటి మనిషి.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం
టీ-ట్రీ పొదల నీడలో మోకాలి లోతున నిలబడి
ముందు క్లైవ్ ఈగల్నే వేశాను.
పెట్టెలో మిగిలినవి,
రెక్కల్లో సిరలతో సహా అచ్చుగుద్దినవి.
ట్రౌట్ వచ్చింది.
ముక్కు తగిలేంత దగ్గరికి వచ్చి
కంఠతా పట్టిన పాఠం మళ్లీ విన్నట్టు
విసుగ్గా కిందికి జారిపోయింది.
మూడుసార్లు. నాలుగోసారి రాలేదు.

చీకట్లో వేళ్లు తడబడి
ఎర్ర తోకకు ముడి రెండుసార్లు ఊడింది.
రాయి వెనక నురుగులో వేశాను.
ఏమీ కనబడలేదు,
ఈగా కనబడలేదు.
ఎక్కడో చప్పరించినంత చిన్న చప్పుడు,
ఆ వెంటనే ఏటి బరువంతా
నా మణికట్టులో.

ఒక్కదాన్నే ఉంచుకున్నాను.
బండ మీద టార్చి పెట్టి కడుపు కోస్తే
చెంచాడు పెంకుపురుగులు,
నత్తగుల్ల,
గమ్ చెట్టు బెరడు ముక్క,
సిగరెట్ పీకలోని దూది,
ఏ పొదదో ఎర్రటి గింజ ఒకటి.
పదకొండు పుస్తకాల్లో
పెంకుపురుగులు తప్ప ఇంకేవీ లేవు.

వంటింట్లో చేప కడుగుతూ నెరిడాకు చెప్పాను.
చాలాసేపు ఊరుకుంది.
వైసు పక్కన స్వెట్టర్,
చెయ్యి భుజం దాకా ఊడిపోయి.

"దానికి చేతుల్లేవు కదా" అంది.
"ఏదైనా ఏమిటో తెలియాలంటే
నోట్లో పెట్టుకోవాల్సిందే."

కాసేపాగి,
"ఆ గింజ తెచ్చావా?"

తేలేదు. ఏట్లో విసిరేశాను.

"పోనీలే, ఇంకో నోరు చూసుకుంటుంది" అంటూ
చేత్తో తడిమి
మరో ఈక అందుకుంది.