రెండు కొసలు

పాతపట్నం వదిలి ఏరు దాటితే
అక్షరాలు తలకట్టు తీసేసి
గొడుగు పట్టుకుంటాయి.
బండి అదే, గుంతలు అవే.
సంచిలో క్రింపరు, టెస్టరు,
మొన్నటి వానకు తడిసి 'మ' పలకని లాప్‌టాపు.

పర్లాకిమిడి, జీడిపప్పు కొట్టు ఆఫీసు.
"నెట్టు చచ్చిపోయింది, తొందరగా రా."
చావలేదు.
నేను వెళ్లేసరికి స్విచ్చి మీద పదహారు దీపాలూ
ఒకే తాళానికి కొట్టుకుంటున్నాయి,
ఊరంతటికీ ఒక్కసారే పూనకం వచ్చినట్టు.

పాణిగ్రాహి గారు కంపెనీవాళ్లను ఒడియాలో తిట్టారు,
లెక్కలు రాసే ఉరిటి జోగినాయుడు తెలుగులో.
ఒకరికి గోదాము కెమెరా మీద అనుమానం.
ఇంకొకరికి డిస్పాచి కుర్రాడు దండసి మీద:
"రాత్రుళ్లు సినిమాలు దింపుతాడు, చూడు, దొరుకుతాడు."
దండసి నా తెర వైపు చూడలేదు,
నా మొహం వైపు చూశాడు.

రౌటరు చిట్టాలో అతని ఫోను ఉంది.
క్రికెట్టు. మళ్లీ క్రికెట్టు.
రాత్రి రెండు గంటలకు
బరంపురం ఆసుపత్రి పేరు, మూడుసార్లు.
అది నా పని కాదు.
పేజీ కిందికి జరిపాను.

రౌటరు ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ వేశాను.
డాక్టరు నాలుక చాపమన్నట్టు, అదొక మర్యాద.
అర నిమిషం బాగానే ఉంది.
మళ్లీ పూనకం.

అప్పుడు పారుతున్నదాన్ని దోసిట పట్టి చూశాను.
తెర నిండా ఒకటే మాట:
ఒకటో నంబరు ఇల్లు ఎవరిది? ముప్పైనాలుగుకు చెప్పండి.
ఒకటో నంబరు ఇల్లు ఎవరిది? ముప్పైనాలుగుకు చెప్పండి.
సెకనుకు ఎన్ని వేలసార్లో.
అడిగినవాడు అడిగింది ఒక్కసారే.
జవాబు కూడా బయల్దేరే ఉంటుంది,
దారి నిండా ప్రశ్నే నడుస్తుంటే
ఏ పక్కనుంచి వస్తుంది పాపం.

ఈ ఊరు ఎవరిదని కూడా
ఎప్పుడో ఇక్కడ అడిగారట, గీత గీసేముందు.
ఏరు ఏం చెప్పిందో ఎవరూ రాసుకోలేదు.

ఒక్కో తీగా పీకడం తప్ప వేరే విద్య లేదు.
ఒకటి. రెండు. ఐదు పీకితే
"నా బిల్లు, నా బిల్లు" అని జోగినాయుడు.
తొమ్మిది.
దీపాలు ఒక్కసారి ఆగి
తలో దారిన నడిచాయి,
సంత విడిచిన మనుషుల్లాగ.

తొమ్మిదో తీగ పట్టుకుని బల్ల కిందికి పాకాను.
జీడి పొట్టు, పాత రసీదులు, చీపురు పుల్లలు.
నీలం తీగ బీరువా వెనక దూరి
గోడంతా తిరిగి
వచ్చి వచ్చి అదే స్విచ్చిలో, పద్నాలుగో కంతలో.
తన తోక తానే మింగుతున్న పాము.

బల్ల మీంచి కాదు, గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది గొంతు.
తవిటమ్మ, చేతిలో చాట.
"నానే ఎట్టినాను బాబూ.
నిన్న తుడుస్తంటే కొస నేల మీద పడుంది.
ఊడిపోనాదేటో అని
కాళీ బొక్క సూసి దూర్చినాను.
తప్పేటి?"

ఎవరికో ఏదో ఊడిపోయిందనుకుని
తిరిగి అతికించిన చెయ్యి.
ఆ చేతికి నెలకు ఎంతిస్తారో నాకు తెలుసు.
లోపల్నుంచి పాణిగ్రాహి గారు, "క్యా హువా?"
మూడో భాషలో.
"తీగ పాడైందండీ," అన్నాను.
రసీదు మీద అదే రాశాను, 'మ' లేకుండా రాయగలిగిన మాటలతో.
దండసి ఊపిరి వదలడం వినిపించింది.

"పారేస్తావేటి బాబూ అది?"
ఇచ్చేశాను.
చుట్టకుదురులా చుట్టి నెత్తిన పెట్టుకుంది.

పై నెల కెమెరా చూడడానికి వెళితే
ఆఫీసు వెనక పెరట్లో
నీలం తీగ మీద తడి రవికలు.
ఒక కొస మునగచెట్టుకి,
ఒక కొస కిటికీ చువ్వకి.
ఇంత బాగా పనిచేసే కనెక్షను
నేను ఎప్పుడూ వెయ్యలేదు.
కెమెరా మాత్రం ఇంకా రాలేదు, పార్టు కటక్ నుంచి రావాలి.